జీవో వెనుక ఉన్న దారి: ప్రభుత్వ శాఖల నియమాలు ఎలా తయారవుతాయి, మనం ఎప్పుడు నోరు విప్పాలి

ఇంటి చుట్టూ ఎంత జాగా వదలాలని హైదరాబాద్‌లో ఏ ఇంజనీరును అడిగినా “168 జీవో ప్రకారం” అంటూ మొదలుపెడతారు. 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ ఇచ్చిన ఉత్తర్వు అది. భవన నిర్మాణ నియమాలు అందులో ఉన్నాయి. విజయవాడలో ఇదే ప్రశ్నకు “119 జీవో” అని జవాబు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017 మార్చి 28న ఆ నంబరుతో తన కొత్త భవన నియమాలు తెచ్చుకుంది. ఈ రెండింటిలో ఏదీ శాసనసభ చర్చించి, ఓటు వేసి ఆమోదించిన బిల్లు కాదు. సచివాలయంలో ఒక శాఖ రాసి, గవర్నర్ పేరుతో వెలువరించిన నియమావళి. అయినా ఇంటి గోడ ఎక్కడ లేవాలో తేల్చేది అదే.

ఆటోకు ఫిట్‌నెస్ పత్రం, ఫ్లాట్ కొనేటప్పుడు రాసుకునే ఒప్పందం, ప్రభుత్వ ఉద్యోగానికి వయోపరిమితి, గ్రామ పంచాయతీ రుసుములు అన్నీ ఇలాంటి నియమాల మీదే నడుస్తాయి. వినతిపత్రం రాయడంలో సాయం కావాలని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది గెజిట్, అంటే ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రిక, వెలువడ్డాకే వస్తారు. అప్పటికి అసలు తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఆ తలుపు ఎక్కడుందో, ఎప్పుడు తెరుచుకుంటుందో, లోపలికి ఏమి పట్టుకెళ్లాలో చెప్పడానికే ఈ మార్గదర్శి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఇందులోని పద్ధతి వర్తిస్తుంది.

ముందుగా పేర్లు తేల్చుకుందాం

శాసనసభ గానీ పార్లమెంటు గానీ చేసేది చట్టం. ఆ చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం రాసేది నియమం, అంటే రూల్. అదే చట్టం కింద ఏర్పడిన స్వతంత్ర సంస్థ రాసుకునేది రెగ్యులేషన్. పురపాలక సంఘం లాంటి స్థానిక సంస్థ చేసుకునేది బైలా. జీవో వీటిలో ఏ ఒక్కటీ కాదు. అది ఒక కవరు లాంటిది. ఆ కవరులో నియమావళి ఉండవచ్చు, ఒక ఉద్యోగి బదిలీ ఉండవచ్చు, నిధుల మంజూరు ఉండవచ్చు. లోపల ఏముందో చూడకుండా “జీవో వచ్చింది” అంటే ఏమీ చెప్పినట్టు కాదు.

మెమో, సర్క్యులర్ వీటన్నిటికంటే కింద ఉంటాయి. నియమం మౌనంగా ఉన్నచోట ఖాళీ పూరించడానికి అవి పనికొస్తాయి గానీ నియమాన్ని మార్చలేవు. 1967లో సంత్ రామ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. కార్యాలయంలో ఎవరైనా మెమో చూపించి “ఇక మీదట ఇలాగే” అంటే, దాని వెనుక ఏ నియమం ఉందో అడగడం మీ హక్కు.

మొదటి అడుగు: మాతృచట్టంలో ఆ సెక్షన్ పట్టుకోండి

నియమం దానంతట అది పుట్టదు. ఏదో ఒక చట్టంలో ఒక సెక్షన్ ప్రభుత్వానికి “నియమాలు చేయవచ్చు” అని అధికారం ఇచ్చి ఉండాలి. చాలా చట్టాల్లో ఈ సెక్షన్ చివరి పేజీల్లో ఉంటుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టాన్ని, అంటే అందరూ రెరా అనే చట్టాన్ని తీసుకోండి. 84వ సెక్షన్ నియమాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. ఆ పక్కనే ఉన్న 85వ సెక్షన్ రెగ్యులేషన్లు చేసే అధికారం రెరా అథారిటీకి ఇస్తుంది. 84వ సెక్షన్ కిందే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 2017లో వేర్వేరు నియమాలు తెచ్చాయి. ఈ తేడా తెలియకపోతే ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న అథారిటీకి రాసి నెలలు పోగొట్టుకుంటాం.

కొన్ని చట్టాల్లో ఈ అధికారం ఒక్కచోట ఉండదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో రాష్ట్రానికి నియమాలు చేసే అధికారం అధ్యాయానికొకటి చొప్పున పరచుకుని ఉంది. డ్రైవింగ్ లైసెన్సుల మీద 28వ సెక్షన్, వాహన రిజిస్ట్రేషన్ మీద 65, రవాణా వాహనాల నియంత్రణ మీద 96, ట్రాఫిక్ మీద 138, ఇలా సాగుతుంది. ఇంకో సంగతి: ఒకే నియమావళి ఒకటి కంటే ఎక్కువ చట్టాల మీద నిలబడవచ్చు. పైన చెప్పిన భవన నియమాలు అలాంటివే. పట్టణాలకు, నగరాలకు, అభివృద్ధి సంస్థలకు వేర్వేరు చట్టాలున్నాయి కాబట్టి వాటన్నిటిలోని సెక్షన్లనూ కలిపి పేర్కొన్నారు.

ప్రభుత్వోద్యోగుల నియామకం, పదోన్నతుల నియమాలకు మాత్రం మాతృచట్టం అక్కర్లేదు. రాజ్యాంగంలోని 309వ అధికరణ నేరుగా గవర్నర్‌కు ఆ అధికారం ఇచ్చింది. 1996 అక్టోబరులో 436 నంబరు జీవోగా వచ్చిన రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నియమాలు అలా వచ్చినవే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వయసు, రిజర్వేషన్, రోస్టర్ గురించి గొడవపడేటప్పుడు ఎక్కువగా తేలేది ఈ నియమాల దగ్గరే.

సెక్షన్ దొరికాక నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి. అధికారం ఎవరికి ఇచ్చారు? ఏయే విషయాల మీద ఇచ్చారు? నియమం చేయడానికి ముందే ముసాయిదా ప్రచురించాలన్న షరతు ఉందా? చేశాక శాసనసభ ముందు ఉంచాలన్నారా? మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. చట్టం ఇంగ్లిషు పాఠంలో “ప్రివియస్ పబ్లికేషన్”, అంటే ముందస్తు ప్రచురణ, అన్న రెండు మాటల కోసం వెతకండి. ఆ మాటలుంటే మీ అభ్యంతరం వినడం శాఖ చూపించే దయ కాదు, అది చట్టం పెట్టిన షరతు. లేకపోతే శాఖ నేరుగా తుది నియమమే జారీ చేయవచ్చు. అప్పుడు శాఖలో ఆలోచన మొదలైనట్టు తెలిసిన వెంటనే, ఎవరూ అడగకుండానే, వినతి పంపాలి.

రెండో అడుగు: ఫైలు ఎటు నడుస్తుందో తెలుసుకోండి

ప్రతిపాదన మామూలుగా కమిషనర్ లేదా డైరెక్టర్ కార్యాలయంలో మొదలవుతుంది. అక్కడి నుంచి సచివాలయంలోని సంబంధిత శాఖ సెక్షన్‌కు, అంటే ఆ విషయం చూసే ఉద్యోగుల విభాగానికి, వస్తుంది. సెక్షన్ అధికారి నోట్ రాస్తారు, ఫైలు మెట్టుమెట్టుగా శాఖ కార్యదర్శి దాకా వెళ్తుంది. నియమం భాష, మాతృచట్టంతో పొంతన చూడడానికి న్యాయశాఖకు పంపుతారు. ఖర్చు ఉంటే ఆర్థికశాఖ, సర్వీసు విషయమైతే సాధారణ పరిపాలన శాఖ కూడా చూస్తాయి. తర్వాత మంత్రి, విషయాన్ని బట్టి ముఖ్యమంత్రి, మంత్రిమండలి. ఏది ఎవరి దాకా వెళ్లాలన్నది 166వ అధికరణ కింద గవర్నర్ చేసిన కార్యనిర్వహణ నియమాలు నిర్ణయిస్తాయి. ఆ అధికరణ ప్రకారమే ప్రతి ఉత్తర్వూ గవర్నర్ పేరుతో వెలువడుతుంది. గవర్నర్ స్వయంగా కూర్చుని రాశారని దాని అర్థం కాదు.

బయటివారికి ఈ దశ కనిపించదు. అయినా ఒక ఆనవాలు దొరుకుతుంది. కమిషనర్ కార్యాలయం సంఘాలతో సమావేశం పెట్టినా, కొత్త నియమాల కోసం కమిటీ వేసినట్టు పత్రికల్లో వచ్చినా, ఫైలు కదిలిందని అర్థం. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కూడా ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వివరాలన్నీ ప్రచురించాలని అధికార సంస్థలను ఆదేశిస్తోంది. వినతిలో ఆ సెక్షన్‌ను ప్రస్తావించండి.

మూడో అడుగు: ముసాయిదా. తలుపు ఇక్కడే ఉంది

ముందస్తు ప్రచురణ షరతు ఉన్న కేంద్ర చట్టాల కింద నియమం చేస్తే ఏమేం చేయాలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. నియమం వల్ల ప్రభావితులయ్యేవారికి తెలిసేలా ముసాయిదాను ప్రచురించాలి. దానితోపాటు ఒక నోటీసు ఇవ్వాలి. ముసాయిదాను ఫలానా తేదీన, లేదా ఆ తర్వాత, పరిశీలనకు తీసుకుంటామని అందులో ఉండాలి. ఆ తేదీలోపు వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ, సూచననూ పరిశీలించాలి. మోటారు వాహనాల చట్టం 212వ సెక్షన్ ఈ షరతును స్పష్టంగా పెట్టింది కాబట్టి రవాణా నియమాలకు ఇది వర్తిస్తుంది. రాష్ట్ర చట్టమైతే ఆ చట్టంలోని నియమాధికార సెక్షన్‌నే చదివి చూసుకోవాలి. గడువు ఎన్ని రోజులన్నది కొన్ని చట్టాలు చెబుతాయి, కొన్ని చెప్పవు. అందుకే నోటీసులోని తేదీయే మీకు గడియారం.

ఇదే 23వ సెక్షన్ చివరి ఉపసెక్షన్ చాలామందికి తెలియదు. ముందస్తు ప్రచురణ తర్వాత చేసినట్టుగా నియమం గెజిట్‌లో అచ్చయిందంటే, అది సక్రమంగా తయారైందనడానికి అదే తిరుగులేని రుజువు అని ఆ ఉపసెక్షన్ అంటుంది. అంటే గెజిట్ వచ్చాక “మమ్మల్ని సరిగా అడగలేదు” అని వాదించడం చాలా కష్టం. మాట్లాడే కాలం ముసాయిదా దశే. ఆ తేదీని క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకోండి.

ముసాయిదా ఎక్కడ దొరుకుతుంది? గెజిట్‌లో వస్తుంది, శాఖ వెబ్‌సైట్‌లో పెడతారు, ఒక్కోసారి పత్రికల్లో ప్రకటన ఇస్తారు. ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటుంది. నియమాల అధికారిక పాఠం ఇంగ్లిషులో ఉండాలని 348వ అధికరణ అంటుంది. వేరే భాషలో చేసుకునే వీలు రాష్ట్రానికి ఉన్నా, అప్పుడు కూడా ఇంగ్లిషు అనువాదాన్ని గెజిట్‌లో వేయాలి. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966లోనే వచ్చింది. అయినా ట్రాలీ ఆటో నడిపేవాడి బతుకుతెరువును మార్చే ముసాయిదా అతనికి రాని భాషలో బయటికొచ్చి, అతను స్పందించడానికి నెల గడువు పెడుతున్నారు. ఇది నాకు ఇన్నేళ్లుగా మింగుడుపడని విషయం. మన చేతిలో ఉన్న జవాబు 350వ అధికరణ. రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ప్రభుత్వానికి వినతి ఇచ్చుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని అది చెబుతోంది. అభ్యంతరం తెలుగులో రాయండి. ఇంగ్లిషు రాదని ఎవరూ ఆగిపోవాల్సిన పనిలేదు. మొదటి సూచనగా “ఈ ముసాయిదాను తెలుగులో ప్రచురించి, ఆ రోజు నుంచి గడువు లెక్కించండి” అని అడగండి.

ఇక అభ్యంతరం ఎలా రాయాలి? ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ట్రాలీ ఆటో యజమాని మూడు నెలలకోసారి స్వయంగా జిల్లా కేంద్రంలోని రవాణా కార్యాలయానికి వచ్చి పత్రాన్ని పొడిగించుకోవాలని ముసాయిదా 4వ నియమంలో ఉందనుకోండి. సంఘం పెద్దలు సాధారణంగా ఇలా రాస్తారు: “ఈ నియమం పేదల పొట్టకొడుతుంది. వెంటనే ఉపసంహరించుకోవాలి.” అందులో బాధ నిజమే. కానీ ఫైలు మీద నోట్ రాసే అధికారికి అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. “వ్యతిరేకత వ్యక్తమైంది” అని ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు.

అదే అభ్యంతరాన్ని ఇలా రాస్తే:

“ఫలానా తేదీ ముసాయిదా నోటిఫికేషన్, 4వ నియమం, 2వ ఉపనియమం గురించి. మా మండలం నుంచి జిల్లా కేంద్రం 70 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి ఒక రోజు పని పోతుంది, అంటే ఏడాదికి నాలుగు రోజులు. యజమాని జబ్బుపడితే పత్రం గడువు దాటి, బండి ఆగిపోతుంది. పత్రం పొడిగింపులో తనిఖీ చేయాల్సింది బండినే తప్ప యజమానిని కాదు. కాబట్టి ‘యజమాని స్వయంగా హాజరై’ అన్న మాటల స్థానంలో ‘యజమాని గానీ, అతను రాతపూర్వకంగా అధికారమిచ్చిన వ్యక్తి గానీ హాజరై’ అని ఉంచాలి. ‘మూడు నెలలకు’ బదులు ‘ఏడాదికి’ అని మార్చాలి.”

తేడా చూడండి. నియమం నంబరు ఉంది, నష్టం లెక్కలో ఉంది, నియమం ఉద్దేశాన్ని ఒప్పుకుంటూనే దారి తప్పిన మాటను చూపించింది, దాని స్థానంలో పెట్టాల్సిన మాటను కూడా అందించింది. అధికారి నోట్‌లో ఆ ప్రత్యామ్నాయ వాక్యాన్ని దించుకోగలరు. మాతృచట్టం దాటిపోయిన చోటు ఏదైనా కనిపిస్తే సెక్షన్ నంబరుతో సహా అదీ రాయండి. తర్వాత కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఈ కాగితమే మీ మొదటి సాక్ష్యం.

వందమంది ఒకే అచ్చు కాగితం మీద సంతకాలు పెట్టి పంపడం కంటే, పదిమంది తమ తమ అనుభవంతో విడివిడిగా రాయడం మేలని నా అభిప్రాయం. నోటీసులో చెప్పిన ఈమెయిల్‌కు పంపి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి, రసీదు దాచుకోండి. వీలైతే కార్యాలయానికి వెళ్లి ముద్ర వేయించుకున్న నకలు తెచ్చుకోండి. చివరి రోజు దాకా ఆగవద్దు.

మీకు జవాబు వస్తుందా? పరిశీలించాలని చట్టం అంటుంది తప్ప ఒక్కొక్కరికీ బదులివ్వాలని అనదు. మన వ్యవస్థలో పెద్ద లోటు ఇదే. కాల్ డ్రాప్ పరిహారం కేసులో 2016లో సుప్రీంకోర్టు టెలికాం నియంత్రణ సంస్థ రెగ్యులేషన్‌ను కొట్టేస్తూ, ఇలాంటి ఉపశాసనాలన్నిటికీ, అంటే చట్టం ఇచ్చిన అధికారంతో చేసే నియమాలు, రెగ్యులేషన్లన్నిటికీ, పారదర్శకమైన సంప్రదింపుల పద్ధతి ఉండేలా పార్లమెంటు ఒక చట్టం తేవడం గురించి ఆలోచించాలని సూచించింది. అమెరికాలో 1946 నుంచే అలాంటి చట్టం ఉందని గుర్తుచేసింది. ఆ పద్ధతి ఎలా ఉంటుందో అక్కడున్న మన తెలుగు కుటుంబాలు చాలా దగ్గరగా చూశాయి. హెచ్1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల్లో, అంటే హెచ్4 వీసా మీదున్నవారిలో, కొందరికి పని అనుమతి ఇచ్చే ఫెడరల్ నియమం 2014 మేలో ముసాయిదాగా వచ్చింది, వ్యాఖ్యలకు 60 రోజులు ఇచ్చారు. తుది నియమం 2015 ఫిబ్రవరిలో వెలువడి మే 26న అమల్లోకి వచ్చింది. వచ్చిన వ్యాఖ్యలను అంశాలవారీగా పేర్కొని, ఏది ఎందుకు ఒప్పుకున్నారో, ఏది ఎందుకు ఒప్పుకోలేదో తుది పాఠంతోపాటే ప్రచురించారు. మన శాఖల నుంచి కూడా అది అడగడం అత్యాశ కాదు. అభ్యంతరం చివర “వచ్చిన సూచనల సారాంశాన్ని, వాటిపై తీసుకున్న నిర్ణయాన్ని ప్రచురించండి” అని ఒక వాక్యం చేర్చండి.

నాలుగో అడుగు: జీవోను చదవడం నేర్చుకోండి

జీవో నంబరు ముందు ఎంఎస్ అని ఉంటే శాఖ తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం, ఆర్‌టీ అని ఉంటే రోజువారీ వ్యవహారం. నియమాలు ఎంఎస్ వరుసలోనే వెతకాలి. నంబర్లు శాఖకు శాఖ వేరు, ప్రతి ఏడాదీ ఒకటి నుంచి మొదలవుతాయి. “111 జీవో” అనగానే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాల సంగతి గుర్తొస్తుంది గానీ, 111 నంబరు జీవో ప్రతి శాఖలో ఎన్నో ఏళ్లలో వచ్చి ఉంటుంది. మనం చెప్పుకునేది పురపాలక శాఖది, 1996 మార్చి 8 నాటిది. శాఖ, నంబరు, తేదీ మూడూ లేని జీవో ప్రస్తావనతో ఎవరినీ ఏమీ అడగలేరు.

పైన సంగ్రహం ఉంటుంది. దాని కింద “చదవండి” అన్న జాబితాలో పాత జీవోలు, కమిషనర్ లేఖలు వరుసగా ఇస్తారు. చాలామంది దాన్ని దాటేస్తారు. నిజానికి ఫైలు చరిత్ర అక్కడే ఉంది. ముసాయిదా నోటిఫికేషన్ తేదీ కనిపించేదీ సాధారణంగా అక్కడే. తర్వాత ఉత్తర్వు, దానికి అనుబంధంగా నోటిఫికేషన్. నోటిఫికేషన్ మొదటి వాక్యం “ఫలానా చట్టం ఫలానా సెక్షన్ ఇచ్చిన అధికారంతో” అని మొదలవుతుంది. మొదటి అడుగులో రాసుకున్న సెక్షన్ ఇక్కడ ఉందో లేదో సరిచూడండి. చివర గెజిట్‌లో ప్రచురించమని ముద్రణాశాఖ కమిషనర్‌కు రాసిన వాక్యం ఉంటే, జీవో తేదీ వేరు, గెజిట్ తేదీ వేరు అని వెంటనే గుర్తుపట్టండి.

ఐదో అడుగు: గెజిట్ తేదీ పట్టుకోండి

జైపూర్ సంస్థానంలో 1923లో మంత్రిమండలి నల్లమందు చట్టం ఒకటి తీర్మానించింది, కానీ ఎక్కడా ప్రచురించలేదు. తర్వాత చాలా ఏళ్లకు దాని కింద ఒకతనికి 50 రూపాయల జరిమానా పడింది. అతను సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ప్రజలకు తెలియజేయకుండా దాచిపెట్టిన శాసనంతో వాళ్లను శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని 1951లో కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. 50 రూపాయల కోసం నడిచిన ఆ కేసు ఇప్పటికీ ప్రతి పౌరుడికీ అండ.

ఎక్కడ ప్రచురించాలో చట్టమే చెబితే ఆ పద్ధతి తప్పకూడదు. గుజరాత్‌లోని గోధ్రాలో అల్లం కొన్న వ్యాపారి మీద లైసెన్సు లేదని కేసు పెట్టారు. మార్కెట్ కమిటీ నియంత్రణలోకి అల్లాన్ని చేర్చిన నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చింది. కానీ చట్టం చెప్పినట్టు అక్కడ ప్రచారంలో ఉన్న పత్రికలో గుజరాతీలో ప్రచురించలేదు. 1975లో సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్ చెల్లదంది. స్థానిక భాషలో చెప్పమని చట్టం అంటే చెప్పి తీరాలి. తెలుగులో ముసాయిదా అడిగేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది.

నియమం వేరే తేదీ చెప్పకపోతే గెజిట్‌లో ప్రచురితమైన రోజు నుంచే అమల్లోకి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 212వ సెక్షన్ సరిగ్గా ఇదే అంటుంది. ఈ-గెజిట్ వచ్చాక రోజు మాత్రమే కాదు, గంట, నిమిషం కూడా లెక్కలోకి వచ్చాయి. 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ సరుకుపై 200 శాతం సుంకం విధించిన కేంద్ర నోటిఫికేషన్ రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు గెజిట్‌లోకి ఎక్కింది. అంతకుముందే అదే రోజు పత్రాలు దాఖలు చేసిన వ్యాపారులకు ఆ సుంకం వర్తించదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కాబట్టి ఆన్‌లైన్ గెజిట్ దించుకున్నప్పుడు అది ఎక్కించిన సమయం కనిపిస్తే ఆ తెరను కూడా భద్రం చేసుకోండి.

మన రాష్ట్రాల గెజిట్‌లో నియమాలను తరచు మొదటి భాగానికి అనుబంధంగా వచ్చే రూల్స్ సప్లిమెంట్‌లో వేస్తారు. అత్యవసర విషయమైతే అసాధారణ సంచిక వస్తుంది. జీవోలకు వేరే వెబ్‌సైట్ ఉంది, అందరూ జీవోఐఆర్ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో ఆ సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేశారు. మూడేళ్ల తర్వాత, 2024 ఆగస్టులో, మళ్లీ మొదలుపెట్టారు. ఆ మూడేళ్ల కాలపు ఉత్తర్వు కోసం వెతికేవాళ్లు జీవోఐఆర్‌లో కనిపించలేదని ఆగిపోకుండా ఈ-గెజిట్ సైట్ కూడా చూడాలి. ప్రభుత్వం ఏ పార్టీదైనా సరే, జనం మీద అమలయ్యే ఉత్తర్వు జనానికి కనిపించాలి. దీనికి మినహాయింపు ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆరో అడుగు: శాసనసభ ముందు

మన రాష్ట్ర చట్టాల్లో తరచు కనిపించే షరతు ఏమిటంటే, నియమం చేసిన వెంటనే, సభ జరుగుతుంటే అప్పుడే, లేకపోతే వచ్చే సమావేశాల్లో, మొత్తం 14 రోజులు సభ ముందు ఉంచాలి. ఆలోగా సభ దాన్ని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. ఆచరణలో ఇది చాలా అరుదు. సభ ముందు ఉంచకపోయినా నియమం చెల్లకుండా పోదని 1978లో అట్లాస్ సైకిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అయినా మీ ఎమ్మెల్యేకు జీవో నకలుతోపాటు సవరణ వాక్యం రాసి ఇవ్వడానికి ఇదొక సందర్భం.

ఏడో అడుగు: ఈ రోజు అమల్లో ఉన్న పాఠం కూర్చుకోండి

నియమావళి ఒకసారి వచ్చి ఆగిపోదు, సవరణలు వస్తూనే ఉంటాయి. “3వ నియమంలో ఫలానా మాటకు బదులు ఫలానా మాట” అని రెండు వాక్యాల జీవో వస్తుంది. అసలు నియమావళిని ఒక ఫైలులో పెట్టుకుని, ఒక్కో సవరణనూ తేదీ వరుసలో దాని మీద రాసుకుంటూ వెళ్లండి. ఓపిక కావాలి, వేరే దారి లేదు. బజారులో దొరికే పుస్తకాలు కొంత సాయం చేస్తాయి గానీ, అచ్చయిన ఏడాది చూడకుండా నమ్మవద్దు.

విభజన తర్వాత ఇంకో చిక్కు చేరింది. 2014 జూన్ 2 నాటికి ఉన్న ఉమ్మడి రాష్ట్ర చట్టాలు, నియమాలు రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగాయి. వాటిని అన్వయించుకోవడానికి పునర్విభజన చట్టం 101వ సెక్షన్ రెండేళ్ల గడువు ఇచ్చింది. తెలంగాణ చాలా నియమాల పేర్లలో “ఆంధ్రప్రదేశ్” తీసి “తెలంగాణ” పెట్టుకుంది. ఆ తర్వాత సవరణలు ఎవరి దారిన వాళ్లు చేసుకున్నారు. అందుకే రెండు చోట్లా 1989 నాటి మోటారు వాహనాల నియమాలే ఉన్నా, ఒక రాష్ట్రం సవరణను ఇంకో రాష్ట్రంలో చూపించి వాదించలేరు. 2014 దాకా ఒకే కొమ్మ, అక్కడి నుంచి రెండు కొమ్మలు అని గీసుకుంటే తికమక ఉండదు.

పాఠం దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సచివాలయ శాఖకైతే రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. “ఫలానా నియమావళి, ఈ రోజు దాకా వచ్చిన సవరణలన్నిటి నకళ్లు, గెజిట్ తేదీలతో” అని అడగండి. ముసాయిదా మీద వచ్చిన అభ్యంతరాలు, వాటిపై రాసిన నోట్ ఫైలు నకలు కూడా అదే దరఖాస్తులో అడగవచ్చు. మీ కాగితం చదివారో లేదో తెలిసేది దానితోనే.

నియమం హద్దు దాటితే

హైకోర్టులో నియమాన్ని సవాలు చేసే ఆధారాలు స్థూలంగా ఇవి: మాతృచట్టం ఇచ్చిన అధికారాన్ని దాటింది, చట్టానికే విరుద్ధంగా ఉంది, రాజ్యాంగాన్ని ఉల్లంఘించింది, చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదు, లేదా ఏ శాసనకర్తా చేయడనిపించేంత అసంబద్ధంగా ఉంది. చట్టం ప్రత్యేకంగా అధికారం ఇవ్వనిదే నియమాన్ని గడిచిన కాలానికి వర్తింపజేయడం కూడా కుదరదు. “నాకు నచ్చలేదు”, “నాకు నష్టం” అన్నవి ఒంటరిగా నిలబడవు.

మంచి ఉద్దేశం కూడా పునాది లేకపోతే నిలవదనడానికి మన దగ్గరే ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ గిరిజనులకే ఇస్తూ 2000 జనవరి 10న వచ్చిన 3 నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగబద్ధం కాదంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గవర్నర్ మార్చగలిగేది చట్టాలనే గానీ, సర్వీసు నియమాల లాంటి ఉపశాసనాలను కాదని కూడా అంది. ఏజెన్సీ పిల్లలకు సొంత మనిషి పాఠం చెప్పాలన్న ఆశ ఇరవై ఏళ్ల తర్వాత చెదిరింది. అధికారం ఏ సెక్షన్ నుంచి, ఏ అధికరణ నుంచి వచ్చిందన్న మొదటి అడుగు ప్రశ్న మేలు చేసే నియమానికి కూడా అంతే అవసరమని ఈ కేసు చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

కోర్టు ఖరీదైన దారి. దానికంటే ముందు, శాఖనే సవరణ కోరవచ్చు. నియమం చేసే అధికారంలోనే దాన్ని సవరించే, రద్దుచేసే అధికారమూ ఇమిడి ఉందని జనరల్ క్లాజెస్ చట్టం 21వ సెక్షన్ అంటుంది. అయితే మొదట నియమం చేయడానికి ఏ షరతులున్నాయో సవరణకూ అవే షరతులు. ముందస్తు ప్రచురణ కావాల్సిన నియమమైతే సవరణకు కూడా మళ్లీ ముసాయిదా వస్తుంది, మళ్లీ నోటీసు వస్తుంది, అందులో మళ్లీ ఒక తేదీ ఉంటుంది. మొదటిసారి ఆ తేదీ దాటిపోయినవాళ్లు, సవరణ వినతి ఇచ్చిన మర్నాటి నుంచే గెజిట్‌ను వారం వారం చూస్తూ ఉండాలి.